రైలుమార్గములును గడువును

మన భాషలో గడువు అను మాట విచిత్రమైనది. గడచునది గడువు, కాలము జారిపోవుచున్నదను భావము దాని పుట్టుకయందే యున్నది. కాని వాడుకలో ఆ మాటను మనమెప్పుడు పలుకుచున్నామో చదువరులొక్కసారి తలచుకొందురు గాక. అప్పులవాడు గుమ్మముకడ నిలిచినపుడు "మఱి కొంచెము గడువిండు" అందుము. పరీక్షరుసుము చెల్లింపలేని తండ్రి బడికి వచ్చి వారము దినములు గడువు వేడును. అనగా మనకు గడువన్నది కాలమునకు వేసిన కట్ట కాదు, ఆ కట్టకు పెట్టుకొనిన గండి. ఇంగ్లీషున దీనికి బదులు వాడు డెడ్‌లైను అను మాట పుట్టుక వేఱు. 1861 మొదలు 1865 వఱకు జరిగిన అమెరికా అంతర్యుద్ధములో, బందీల నుంచిన శిబిరములలో ఒక గీటు గీచి, దానిని దాటినవానిని కావలివాండ్రు కాల్చివేయుచుండిరి. ఆ గీటునకే ఆ పేరు. పాఠములు చెప్పుకొని బ్రదుకువారమగుటచే మాటల మూలములు త్రవ్వుట మాకొక దురభ్యాసము, మన్నింతురు గాక. అయినను పెద్ద రైలుమార్గముల చరిత్ర చదువునపుడెల్ల ఈ రెండు మాటలును మాకు జ్ఞాపకము వచ్చుచుండును. ఒకచోట గడువన గండి, మఱియొకచోట గడువన తుపాకి. ఈ రెండును గాక, ఇచ్చిన మాట యను మూడవ యర్థము కూడ దానికుండవచ్చునని కొందఱు చేసి చూపిరి. వారి కథయే ఈ వ్యాసమునకు విషయము.

రైలుదారులు వేయుట ఇంజనీర్ల పని, గృహస్థులకు దానితో నేమి ప్రసక్తి యని తోచవచ్చును. ప్రసక్తి కలదు. ఒక గ్రామమునకు కొలతగాండ్రు వచ్చి రాళ్లు పాతి పోయిరనుకొందము. ఆ రాళ్లనడుమ నున్న పొలమును కొనువాడుండడు, తాకట్టు పట్టువాడుండడు, అందులో ఇల్లు కట్టుకొనుటకు ధైర్యము చాలదు. కొబ్బరిమొక్క నాటుటకైనను చేయి రాదు, ఏలనన మొక్క కాపునకు వచ్చుసరికి ఆ నేల యెవరి సొత్తగునో తెలియదు. రైలు రెండేండ్లలో వచ్చెనేని ఈ కష్టము రెండేండ్లది. ఇరువదియేండ్లు రాకున్నచో ఒక తరము బ్రదుకు ఆ రాళ్లనడుమ నిలిచిపోవును. గడువు మీఱిన మార్గమునకైన యదనపు వ్యయము ప్రభుత్వపు పద్దులలో కనబడును. ఈ వ్యయము మాత్రము ఏ పద్దులోను కనబడదు.

మన గోదావరిమీది మొదటి రైలువంతెనతో ప్రారంభింతము. 19వ శతాబ్దపు చివరి పదియేండ్లలో బెజవాడనుండి కటకము దిక్కునకు తూర్పుతీరపు రైలుమార్గము వేసిరి. ఆ దారి రెండువైపులనుండియు వచ్చి గోదావరిగట్టున నిలిచిపోయెను. కొవ్వూరున దిగిన ప్రయాణికులు పడవనెక్కి నదిని దాటి రాజమహేంద్రవరమున మరల బండి నెక్కవలసి యుండెను. 1897 నవంబరు 11వ తేదీన వంతెనపని మొదలిడిరి. 1900 ఆగస్టు 30వ తేదీన దానిమీదుగా రాకపోకలు ప్రారంభమయ్యెను. స్తంభమునకు స్తంభమునకు నడుమ 150 అడుగుల యెడము. అట్టి యెడములు 56. మొత్తము పొడవు తొమ్మిదివేల యడుగులకు మించును. వాల్టను అను ఇంజనీరు ఈ పనికి పెద్ద. ఆయన యంతకుముందు కాశికడ గంగమీద కట్టిన వంతెనలో పనిచేసి ఆరితేఱినవాడు.

ఇంత వంతెన మూడేండ్లకు లోపుగా ఎట్లు పూర్తియైనది? గోదావరిలో పనిచేయువానికి గడువు పెట్టువాడు గవర్నరు కాడు, గోదావరియే. ఆషాఢమున ఎఱ్ఱనీరు వచ్చినది మొదలు కార్తికము వఱకు నదిలో కాలు పెట్టుటకు వీలు లేదు. నీరు తీసి యిసుకమేటలు బయటపడిన తరువాత బావులు దింపవలెను. రాతితోనో ఇటుకతోనో కట్టిన పెద్దబావిని ఇసుకమీద నిలిపి, లోపలి ఇసుకను తోడివేయుచుండగా, అది తన బరువుచేత తానే క్రిందికి దిగును. తగిన లోతున గట్టినేల చిక్కిన పిమ్మట దానిని నింపి, పైన స్తంభము లేపుదురు. బావి సగము దిగియుండగా వఱద వచ్చినచో ప్రక్కకు ఒఱగును. ఒఱగినదానిని నిలువబెట్టుట క్రొత్తది దింపుటకంటె కష్టము. కావున ఏ బావి యే నెలలో మొదలుపెట్టవలెను, ఏ నెలకు ముగియవలెను అను లెక్కను నదియే నిర్ణయించెను. పని జరిగిన కాలమును లెక్కించి చూడగా, 1897 చివరినుండి 1900 నడుమ వఱకు నదిలో దిగి పనిచేయుటకు చిక్కిన ఎండకాలములు మూడే. వంతెన తెఱచిన ఆగస్టు వఱదల నెల. అనగా మూడవ వఱద వచ్చునప్పటికి ఇనుపదూలములు దానికి అందనంత యెత్తున నుండెను.

పరదేశప్రభుత్వమున జరిగిన పనిని మెచ్చుట తగదని మాతో వాదించు మిత్రులు కలరు. మేము మెచ్చునది ప్రభుత్వమును గాదు, పని నుండి గడువును పుట్టించిన వివేకమును. ఇంతకును ఆ బావులలో దిగి యిసుక తోడిన కూలీల పేర్లు వంతెనకు పెట్టలేదు. చెన్నపట్టణపు గవర్నరైన హేవులాకుదొర పేరు పెట్టిరి. ఆ వంతెన దాదాపు నూఱేండ్లు బండ్లను మోసి 1997లో విశ్రాంతి నొందెను.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత మనము వేసికొన్న మార్గముల కథ అంత సంతోషకరముగా లేదు. కలకత్తా నగరమున భూగర్భరైలునకు 1972 డిసెంబరులో శంకుస్థాపన జరిగెను. మొదటి ముక్క, 4 కిలోమీటర్లకు లోపు, 1984 అక్టోబరులో తెఱచిరి. దమ్‌దమ్ నుండి టాలీగంజి వఱకు దారియంతయు 1995లో గాని కలియలేదు. ఉన్న దూరము సుమారు 17 కిలోమీటర్లు; పట్టిన కాలము ఇరువదిరెండేండ్లకు మించినది. నడివీథులు త్రవ్వి పెట్టిన గోతుల ప్రక్కనే అక్కడి పిల్లలు పుట్టి, పెరిగి, ఉద్యోగములకు పోయిరి. మన రాయలసీమలో నంద్యాల–ఎఱ్ఱగుంట్ల మార్గమున్నది. 123 కిలోమీటర్లు. 1996–97లో మంజూరై 2016లో పూర్తియైనది. దాని నడుమ సముద్రము లేదు, హిమాలయము లేదు.

దీనికి ఇంజనీర్ల యసమర్థతయే కారణమనుట అన్యాయము. పదిమంది బిడ్డలున్న ఇంట ఒక్క సోలెడు పాలుండగా, తల్లి యేమిచేయును? నీరు కలిపి అందఱకును తలా ఒక గుక్కెడు పోయును. ఎవని కడుపును నిండదు. ఎవడును తనకు పాలు పోయలేదని యనజాలడు. మన రైల్వేపద్దు చిరకాలము ఇట్లే నడచినది. ప్రతి శాసనసభ్యునికిని తన సీమకొక దారి మంజూరైనదని చెప్పుకొనుట కావలెను. కావున దారి పేరు పద్దునకెక్కును. ఆ పేరు చెఱగిపోకుండ ఏటేట కొంచెము సొమ్ము దాని కెదుట వ్రాయుదురు. ఆ సొమ్ము కచేరీ జీతములకును మట్టికట్ట కొంత పోయుటకును చాలును. మరుసటి యేటి వానకు ఆ మట్టి కొంత కొట్టుకొనిపోవును. ఈలోగా ఇనుము వెల పెరుగును, నేల వెల పెరుగును, కూలి పెరుగును. వేసిన అంచనా చాలదు. క్రొత్త అంచనాకు క్రొత్త అనుమతి కావలెను. ఆలస్యము ఆలస్యమును కనుచుండును.

ఈ చక్రమునుండి బయటపడిన పనులు రెండు మూడు కలవు. వానిలో ముఖ్యమైనవాని వెనుకనున్న మనుష్యుడు మన కాకినాడలో చదివినవాడగుట తెలుగువారికి ముచ్చట గొలుపును. ఇ. శ్రీధరన్ కేరళమున పాలక్కాడు సీమవాడు, 1932లో జన్మించెను. కాకినాడ ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాలలో చదివి దక్షిణ రైల్వేలో ఉద్యోగమున చేరెను. 1964 డిసెంబరు 22వ తేదీ రాత్రి రామేశ్వరముమీద తుపాను విఱుచుకొనిపడెను. ధనుష్కోటికి పోవుచున్న బండి నొకదానిని అందలి జనులతో సహా కెరటము మింగివేసెను. పాంబను వంతెన 1914 మొదలు సముద్రముమీద నిలిచియుండెను. 145 దూలములకు మించి గల ఆ వంతెనలో నూటయిరువదికి పైగా ఒక్క రాత్రిలో కొట్టుకొనిపోయెను. స్తంభములును, ఓడలకు దారి యిచ్చుటకై పైకి లేచు నడిభాగమును మాత్రము నిలిచెను.

వంతెన బాగుచేయుటకు రైల్వేబోర్డు ఆఱుమాసములు గడువు పెట్టెను. దక్షిణ రైల్వే పెద్ద యధికారి దానిని మూడు మాసములకు తగ్గించెను. అప్పటికి ముప్పదిరెండేండ్ల వయసున్న శ్రీధరన్‌ను పనికి పంపిరి. క్రొత్తదూలములు చేయించుటకు కాలము చాలదు. దేశమున ఎక్కడెక్కడ మిగులుదూలములున్నవో వెదకి తెప్పింపవలెనని ఆలోచన. ఆ సమయమున అచ్చటి జాలరులు వచ్చి, కొట్టుకొనిపోయిన దూలములు సముద్రపుటడుగున ఫలానాచోట పడియున్నవని చెప్పిరి. వానినే పైకి లాగి, చక్కచేసి, స్తంభములమీది కెక్కించుట మొదలిడిరి. మొదటి దూలమునకు దినములు పట్టినవి; చేతికి అలవాటైన కొలది పని వేగమందుకొనెను. 46 దినములలో వంతెనమీద మరల బండి నడచెను. మండలదీక్షకు కొలది దినములు మాత్రమే హెచ్చు. ఈ కథను మేము పిల్లలకు చెప్పునపుడు నొక్కి చెప్పు ముక్క యొకటి కలదు: కచేరీకాగితములలో లేని విషయమును జాలరి చెప్పగా విని, ఆ పూటనే దానినిబట్టి పని మార్చుకొను స్వేచ్ఛ అక్కడి ఇంజనీరున కుండెను. పై వారి యనుమతికై వ్రాసికొనియుండినచో ఆ దూలములు నేటికిని సముద్రములోనే యుండెడివి.

కొంకణ రైలుమార్గము దీనికంటె నెన్నో రెట్లు పెద్దది. బొంబాయి దక్షిణమున రోహా నుండి మంగళూరు వఱకు పడమటికనుమలకును సముద్రమునకును నడుమ సన్నని సీమ. నూఱేండ్లుగా అక్కడివారు రైలు కోరుచుండిరి. 1989లో ఏర్పడిన ప్రభుత్వములో రైల్వేమంత్రి జార్జి ఫెర్నాండెజు మంగళూరివాడు, ఆర్థికమంత్రి మధు దండవతే కొంకణసీమ ప్రతినిధి. పద్దులో నీళ్లపాలు పోయించుకొన్నచో ఈ దారి తమ జీవితములలో పూర్తికాదని వారికి తెలియును. కావున 1990 జూలైలో ప్రత్యేకముగ నొక కార్పొరేషను నేర్పఱచి, రైల్వేశాఖవాటా 51 వంతులును, మహారాష్ట్రము, కర్ణాటకము, గోవా, కేరళముల వాటా తక్కినదియుగా మూలధనము కూర్చి, తక్కిన సొమ్మునకు బాండ్లమీద జనులయొద్ద అప్పు తెచ్చిరి. అప్పుడే రైల్వేకొలువునుండి విరమించిన శ్రీధరన్‌ను దానికి అధిపతిగా నియమించిరి.

అప్పు తెచ్చుటలో నొక విశేషము కలదు. పద్దునుండి వచ్చిన సొమ్మునకు వడ్డి లేదు; పని నిలిచిపోయినను అడుగువాడు లేడు. అప్పుసొమ్మునకు ప్రతిదినమును వడ్డి పెరుగును. పొలము అప్పుచేసి కొన్నవానికిని తాతనాటి పొలము దున్నువానికిని తొలకరినాడు కనబడు తేడా చదువరులెఱుగనిది కాదు. కొంకణ కార్పొరేషను ప్రతి కచేరీలోను ఒక గడియారము పెట్టించిరి. అది గడచిన కాలమును చూపునది కాదు. గడువునకు మిగిలియున్న దినములను చూపునది. లెక్కించునది గనుక కాలము అని సంస్కృతమున వ్యుత్పత్తి చెప్పుదురు. శాస్త్రులవారు మాకు ఈ మాట చెప్పిననాడు అది వట్టి వ్యాకరణముగా తోచినది. ఆ గడియారపు వృత్తాంతము చదివినపిమ్మట దాని యర్థము తెలిసినది.

గడియారము చూచినంతమాత్రమున కొండ తొలుచుకొనిపోదు. మార్గమును ఏడు భాగములుగ పంచి, నూఱేసి కిలోమీటర్లకు ఒక ముఖ్య ఇంజనీరును నియమించి, అతని భాగములో నిర్ణయములు అతనినే చేయనిచ్చిరి. నలువదివేలకు పైబడిన సొంతదారులనుండి నేల తీసికొనవలసి వచ్చెను. ఆ పని ఇంచుమించుగ ఒక్క యేడాదిలో ముగించిరట. నేల చేతికి రాకమునుపే పని మొదలుపెట్టుట మనదేశమున అలవాటు. అచ్చట మాత్రము ముందుగ నేల, తరువాత పాఱ. 760 కిలోమీటర్ల దారిలో 90కి మించిన సొరంగములు. వాని మొత్తము పొడవు 80 కిలోమీటర్లకు పైమాటయే. కర్బుడే సొరంగ మొక్కటే ఆఱున్నర కిలోమీటర్లు. రత్నగిరిదాపున పాన్వల్ నదిమీది వంతెన లోయనుండి 64 మీటర్ల యెత్తు. కఠినశిలను తొలుచుటకు స్వీడను దేశమునుండి యంత్రములు తెచ్చిరి. రాయి బాగుగనే లొంగెను. లొంగనిది మట్టి! తొమ్మిది సొరంగములు బురదవంటి మెత్తనినేలలో పోవలసి వచ్చెను. త్రవ్వినదెల్ల కూలి పూడిపోవుచుండెను. గోవాలో పెర్నెం సొరంగము ఒకటిన్నర కిలోమీటరు మాత్రమే; దానికి ఇంచుమించుగ ఆఱేండ్లు పట్టినది, మనుష్యులను కూడ బలిగొన్నది.

గోవాలోనే మఱియొక యాటంకము పుట్టెను. దారి తమ గ్రామముల నడుమగాను, కట్టలు కట్టి ఉప్పునీటినుండి కాపాడుకొనుచున్న ఖజాన్ పొలములమీదుగాను పోవుచున్నదని జనులు ఎదిరించిరి. 1993లో పని నిలిపి, ఓజా యను న్యాయమూర్తిచేత విచారణ చేయించిరి. తరువాత పని మరల సాగెను. ఆ యాలస్యమునకు ఉద్యమకారులను నిందించుట పరిపాటియైనది. మేము ఆ పక్షము కాము. తమ పొలములోనుండి దారి పోవునని తెలిసినవాడు ఎందుకని యడుగుట ద్రోహము కాదు. ఆ ప్రశ్నకు దారి గీయుటకు ముందే చోటిచ్చియుండినచో గడియారమునుండి ఆ దినములు జాఱియుండెడివి కావు.

తుదకు 1998 జనవరి 26వ తేదీన దారి యంతటను బండ్లు నడచెను. మంగళూరినుండి బొంబాయికి రెండువేల కిలోమీటర్లకు పైగా నుండిన రైలుదూరము వేయికి లోపడెను. మొదట ననుకొన్నది ఐదేండ్లు. పట్టినది ఏడేండ్లకు మించినది. కొంకణ మార్గము గడువులోపల పూర్తియైనదని వ్రాయువారు ఈ లెక్కను దాచుదురు. దాచనక్కఱలేదు. గడువు తప్పినది, అప్పుల వడ్డి చాలయేండ్లు ఆ కార్పొరేషను నడుము వంచినది. అయినను నూఱేండ్లు కోరికగానే మిగిలిన దారి ఎనిమిదేండ్లు నిండకముందే నడచినది. పనిలో ప్రాణములు కోల్పోయినవారు 74 మంది. రత్నగిరిలో వారికొక స్మారకము కట్టిరి. హేవులాకు వంతెన కూలీలకు దక్కని పేరు వీరికి దక్కినది. ప్రాణమునకు పేరు బదులు కాదనుట వేఱు సంగతి.

ఆ పిమ్మట ఢిల్లీ మెట్రో. 1998 అక్టోబరులో పని మొదలై, 2002 డిసెంబరులో మొదటిముక్క తెఱచి, సుమారు 65 కిలోమీటర్ల మొదటిదశను పదేండ్లనుకొన్నది ఏడేండ్లకే 2005లో ముగించిరి. కలకత్తా కథ తెలిసిన వారికి ఇది కల్పనవలె తోచినది. దీనిని గూర్చి పుస్తకములు చాల వచ్చినవి గనుక మేము విస్తరింపము. ఒక్క దినమును మాత్రము తలంతుము. 2009 జూలై 12వ తేదీన ఢిల్లీలో జమ్రూద్‌పూరుకడ కట్టుచున్న దారి కూలి ఆఱుగురు మరణించిరి. ఆ దినముననే శ్రీధరన్ తన పదవికి రాజీనామా నిచ్చెను, ప్రభుత్వము అంగీకరింపలేదు. తరువాతి సంవత్సరమున కామన్వెల్తు ఆటలుండెను. వానికి దారి సిద్ధము కావలెను. ఆ తొందరకును ఈ ప్రమాదమునకును సంబంధము లేదని కొందఱును, ఉన్నదని కొందఱును వాదించిరి. గడువును తుపాకిగీటుగా చేసినపుడు ఆ తుపాకి గుఱి యెవరిమీద నుండునో ఆలోచింపదగియున్నది. కచేరీలోని వారిమీద మాత్రము కాదు.

జపానుదేశపు అనుభవము ఇంకొక విధమైన పాఠము. అక్కడ తన్నా యను పర్వతము క్రింద 1918లో సొరంగము త్రవ్వ మొదలిడిరి. ఏడేండ్ల పనియనుకొన్నారు, పదునాఱేండ్లు పట్టినది. లోపల నీటియూటలు ఏఱులై పాఱెను. 1930లో భూకంపము వచ్చి సొరంగమునే కదల్చివేసెను. 67 మంది చనిపోయిరి. 1934లో గాని తెఱవలేకపోయిరి. అదే జపానువారు 1959 ఏప్రిలులో టోకియోనుండి ఒసాకాకు 515 కిలోమీటర్ల క్రొత్త వేగమార్గము మొదలిడి, 1964 అక్టోబరు 1వ తేదీన, ఒలింపిక్ క్రీడలకు తొమ్మిది దినములు ముందుగ, తెఱచిరి. ఇది చూచి జపానువారి క్రమశిక్షణను పొగడి ఊరకుండుట సులభము. కాని ఆ దారికి కావలసిన నేలలో కొంతభాగమును యుద్ధకాలముననే కొనియుంచిరి. క్రొత్త సొరంగములలో నొకదానిని 1941లోనే త్రవ్వ మొదలిడి నిలిపియుంచిరి. ఐదున్నర యేండ్ల పని వెనుక ఇరువదియేండ్ల పూర్వరంగము కలదు. వ్యయమా, మొదట చెప్పినదానికి దాదాపు రెట్టింపైనది. రైల్వేల యధ్యక్షుడు సొగో, నిజమైన మొత్తము చెప్పినచో సభవారు ఒప్పుకొనరని తెలిసి, తక్కువచేసి చూపెనని ప్రసిద్ధి. నిజము బయటపడగా 1963లో ఆయనయు, ముఖ్య ఇంజనీరు షీమాయును పదవులు వదలిరి. ప్రారంభోత్సవమునకు వారిని పిలువలేదు. తేదీ నిలుపుకొనుటకై లెక్క తప్పుచెప్పవచ్చునా యని మా పై తరగతి పిల్లలు ఒకనాడు వాదించుకొనిరి. ఎక్కువమంది చెప్పవచ్చుననిరి. మాకు ఆ దినమున నిద్ర పట్టలేదు.

ఇక మన కాకినాడకు వత్తము. అక్కడనుండి కోటిపల్లి వఱకు 1928లో రైలు వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధమున ఇనుము కావలసి 1940లో ఆ పట్టాలను ఊడబెఱికి తీసికొనిపోయిరి. యుద్ధము 1945లో ముగిసినది. పట్టాలు 2004లో తిరిగి వచ్చినవి. ఆ దారిని కోటిపల్లినుండి గోదావరి పాయలమీదుగా అమలాపురమునకును, అక్కడనుండి నరసాపురమునకును పొడిగింపవలెనని 2000–01లో మంజూరుచేసిరి. సుమారు 57 కిలోమీటర్లు. గౌతమి, వైనతేయ, వసిష్ఠ అను మూడు పాయలమీద మూడు పెద్ద వంతెనలు కట్టవలెను. వ్యయములో కొంతవాటా రాష్ట్రము భరింపవలెనని నిబంధన. నేల విషయమున వ్యాజ్యములు. పద్దులో ఎప్పటివలె గుక్కెడు పాలు. గోదావరి పుష్కరము 2003లో వచ్చినది, 2015లో మరల వచ్చినది. కోనసీమకు మాత్రము రైలు రాలేదు. 1897లో మూడు వేసవులలో గోదావరిని దాటినవారి వంతెన ఇక్కడికి ఎంతో దూరము లేదు. కొంకణపు కొండలను తొలిపించినవాడు చదివిన కళాశాల ఇంకను దగ్గఱ.

మొన్న కార్తికమాసమున మేము సోమేశ్వరుని దర్శనమునకై కోటిపల్లికి పోయి, అక్కడనుండి ముక్తేశ్వరమునకు పంటుమీద నదిని దాటితిమి. గౌతమిలో రైలువంతెన స్తంభములు వరుసగా నిలిచియున్నవి. కొంగలు వానిమీద వ్రాలియున్నవి. వఱదలలో పంటు నిలిపివేయుదురు. ఆ దినములలో ఈ గట్టుననుండి ఆ గట్టునకు చదువుకై పోవు పిల్లలు యానాముదాపున యెదుర్లంక వంతెనమీదుగా చుట్టు తిరిగి పోవలెను. మగపిల్లలు పోదురు. ఆడపిల్లను అంత దూరము బస్సులు మారి పంపుటెందుకని, ఆ నాలుగు వారములకు మానిపించిన చదువును మరల మొదలుపెట్టింపని యిండ్లు మేమెఱుగుదుము. మా బడినుండి అట్లు పోయిన బాలికలు ఇద్దఱి పేర్లు హాజరుపట్టీలో మా చేతితోనే కొట్టివేసితిమి.

పంటుమీద మా ప్రక్కను ఒక వృద్ధరైతు కూర్చుండెను. మేము స్తంభములను చూచుట చూచి పలుకరించెను.

"చూస్తున్నారా మాస్టారూ? మా అబ్బాయి పెళ్లినాటికి రైలొస్తుందన్నారండి. ఇప్పుడు వాడి కూతురు కాలేజీకెళ్తోంది. మా చేలో పాతిన రాళ్లు మాత్రం అలాగే ఉన్నాయండి."

నష్టపరిహార మందినదా యని యడిగితిమి.

"కొంత చేలోకి ఇచ్చారు, కొంత చేలోకి కోర్టులో ఉందన్నారు. దాని సంగతి పోనీండి. రైలెప్పుడొస్తుందో చెప్పక్కర్లేదండి. ఎప్పటిదాకా రాదో ఎవరైనా చెబితే చాలు, నాలుగు కొబ్బరిమొక్కలు పెట్టుకుంటాను."

ఇరువదియేండ్లుగ బల్లలమీద కాలమును గూర్చి పాఠములు చెప్పుచున్న మాకు ఆ ప్రశ్నకు ఉత్తరము తోచలేదు. పంటు ముక్తేశ్వరపు రేవు నంటెను. ఆయన చేతికఱ్ఱ తీసికొని మాకంటె ముందుగ దిగిపోయెను.